తమరి మిల్లులో ఆదెమ్మ

మా పేటలో పెద్దమనుషులు నలుగురు కూడితే చాలు, ఈ మధ్య ఒకటే పాట. పనివాళ్ళకి పని మీద మనసుండటం లేదట. పొద్దున వస్తూనే పొద్దెప్పుడు వాలుతుందా అని చూస్తారట. పక్కన కొంప మునుగుతున్నా చెయ్యి అడ్డం పెట్టరట. ఈ కబుర్లన్నీ నా సోడా కొట్టు ముందు బల్ల మీద కూర్చునే చెప్పుకుంటారు కాబట్టి నేను వినక తప్పదు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మనసంటే సోడాకాయలో గోలీ కాదుగదా, బొటనవేలితో నొక్కగానే దిగడానికి!

నా కొట్టుకి ఎదురుగా జగన్నాథరావు గారి పత్తి మిల్లుంది. అందులో ప్రతి శనివారం పని ఆపి అందరూ ఒకచోట కూర్చుంటారు. యజమానీ కూర్చుంటాడు. ఆ వారం ఏది బాగుంది, ఏది బాగాలేదు అని ఎవరైనా చెప్పొచ్చు. నందిగామ మిల్లుల వాళ్ళు దీన్ని ‘జగన్నాథరావు గారి భజన’ అని ఎగతాళి చేస్తారు. చెయ్యనివ్వండి. మిరపకాయ కోతలొచ్చి వాళ్ళ కూలీలు సగం మంది చేలకు పోయినా, ఇక్కడ పత్తి గింజ తీసే జిన్ను ఒక్కటీ ఆగదు. బెల్టు తెగబోతుంటే తెగకముందే చెబుతారు. మబ్బు పడితే ఎవరూ కేకెయ్యకుండానే పత్తి మీద పరదాలు పడతాయి. ఈ శనివారాలు జగన్నాథరావు గారికి కలలో తట్టినవి కావు. ఆదెమ్మ అనే మనిషి వల్ల వచ్చాయి. ఆ మనిషి గురించి రాద్దామనే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

ఆదెమ్మది నందిగామ దగ్గర పల్లె. మా పేట క్రైస్తవ పాలెంలో రాళ్ళబండి తోలే శాంతయ్యకి ఇచ్చారు. మిల్లు పెట్టిన కొత్తలోనే పనిలో చేరింది. జిన్ను నోటికి పత్తి అందించడం ఆమె పని. ఆ యంత్రం గింజనొక వైపు, దూదినొక వైపు విడదీస్తుంది. అందించే చెయ్యి ఒక్క క్షణం ఏమరిస్తే వేళ్ళు దక్కవు. ఆదెమ్మ ఏమరిచే రకం కాదు. చెయ్యెంత గట్టిదో నోరూ అంత గట్టిది. సోడా అడిగి, గ్యాసు తక్కువైతే డబ్బు తక్కువిచ్చి పోయేది. నేను అరిస్తే, “సగం సోడాకి సగం డబ్బులే” అనేది. ఆమె తమ్ముడు సొలొమోను కూడా ఆ మిల్లులోనే గొడౌను నుంచి జిన్నులకి పత్తి గంపలు మోసేవాడు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆదెమ్మే. తమ్ముడంటే ఆమెకి ప్రాణం.

ఇక జగన్నాథరావు గారు. మనిషి చెడ్డవాడని నేననను. అయితే ఆయన లోకంలో మాట పైనుంచి కిందికే దిగేది, కిందినుంచి పైకి ఎక్కేది కాదు. నోట్లో చుట్ట ఎప్పుడూ ఉండేది. అది వెలిగి ఉందో ఆరిపోయిందో ఆయనకే తెలిసేది కాదు. గేటు దగ్గర మగవాళ్ళ రొంటిన అగ్గిపెట్టె ఉందేమోనని తడిమేవారు, ఆడవాళ్ళ కొంగుముళ్ళు విప్పించేవారు. పత్తి దగ్గర అంత జాగ్రత్త ఉండాల్సిందే. కానీ యజమాని నోట్లో నిప్పుని తడిమేదెవరు?

రెండు తెలుగు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమైన మరుసటి ఏడు, పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో గొడౌనులో ఓ మూల అంటుకుంది. మొదట చూసింది సొలొమోను. కేకేసి, మంటలో చేతులు పెట్టి, కాలుతున్న పత్తిని బయటికి లాగి పారేశాడు. నష్టం పెద్దగా లేదు. అయితే మిల్లు గుమాస్తా కృష్ణయ్యకి ఎవరో ఒకరు దొంగ కావాలి. సొలొమోను చేతుల మీద బొబ్బలు చూపించి, నిప్పు దగ్గర మొదట ఉన్నది వీడే, బీడీ ముట్టించింది కూడా వీడే అని తేల్చేశాడు. అందరూ చూస్తుండగా వాణ్ణి మెడపట్టి గేటు బయటికి గెంటించారు. నిప్పార్పినందుకు ఇచ్చిన బహుమానం అది.

ఆ పూట జగన్నాథరావు గారు పత్తికుప్ప పక్కన నిలబడి, బేరానికొచ్చిన షావుకారుతో మాట్లాడుతూ చుట్ట దులపడం ఆదెమ్మ జిన్ను దగ్గర్నుంచి కళ్ళారా చూసింది. ఆ మాట ఎవరితో అనాలి? అయినా తమ్ముడి కోసం ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్ళింది. చుట్ట సంగతి ఎత్తకుండా చేతులు జోడించి, “మన మిల్లుని మనమే తగలబెట్టుకుంటామా అయ్యగారూ?” అంది.

జగన్నాథరావు గారు ఏమనేవారో తెలీదు. ఆలోపే కృష్ణయ్య అందుకున్నాడు.

“మన మిల్లేందే? ఎప్పుడు రాయించుకున్నావు?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జగన్నాథరావు గారు కూడా నవ్వారు. అంతటితో తమ్ముడి సంగతి ముగిసిపోయింది. ఆదెమ్మ వెనక్కి తిరిగి తన జిన్ను దగ్గరికి పోయింది. తెలుగులో ‘మా’ అంటే నువ్వు బయటివాడివని, ‘మన’ అంటే నువ్వూ లోపలివాడివేనని అర్థం. ఆ చిన్న మాటని ఆమె నోట్లోంచి లాగి గేటు బయట పారేశారు, తమ్ముడితో పాటు.

మర్నాటి నుంచి ఆదెమ్మ మాట మారింది. “తమరి జిన్ను తిరగడం లేదండి.” “తమరి బెల్టు జారిందండి.” “తమరి గంపకి అడుగు పోయిందండి.” వారం తిరక్కుండా మిల్లంతా అదే మాట పట్టుకుంది. గుమాస్తా మొదట తెగ మురిసిపోయాడు. నా కొట్టు దగ్గర సోడా తాగుతూ, కూలీలకి ఇప్పటికి మర్యాద తెలిసొచ్చిందని చెప్పాడు. ఈ మర్యాద ఎంత దూరం పోతుందో అతనికి తెలీదు.

వాళ్ళు పని ఎగ్గొట్టలేదు. చెప్పింది చేశారు, చెప్పనిది చెయ్యలేదు. బెల్టు అంచు పీచులు లేస్తున్నా చూస్తూ ఊరుకునేవారు. అది తెగాక, “తమరి బెల్టు తెగిందండి” అనేవారు. ఒక మధ్యాహ్నం అకాల వర్షం పట్టుకుంది. ఆవరణ నిండా ఎండేసిన పత్తి ఉంది, పక్కనే పరదాలున్నాయి, వసారాలో కూలీలున్నారు. కృష్ణయ్య భోజనానికి వెళ్ళాడు. చినుకులు పడుతుంటే ఒక్కరూ కదల్లేదు. అతను గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చేసరికి ఆదెమ్మ లేచి నిలబడి, “తమరి పత్తి తడుస్తందండి” అంది.

ఇదంతా ఒప్పని నేను వెనకేసుకు రాను. తడిసింది రైతు కష్టం. ఆ మాట నేనే ఆదెమ్మతో అన్నాను. “నా తమ్ముడి కష్టం ఏ గంగలో కలిసిందో నువ్వు చెప్పు” అని ఎదురడిగింది. నిజమే, సొలొమోను బతుకు అధ్వాన్నంగా ఉంది. పేటలో ఎవరూ పని ఇవ్వలేదు. నందిగామ మిల్లులకి పోతే గేటు దగ్గరే, “పేట మిల్లు తగలబెట్టినోడివి నువ్వే కదా” అన్నారట. చివరికి గరికపాడు దగ్గర రోడ్డు పనిలో కంకర కొడుతున్నాడు. వాడికి కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. నిప్పు పెట్టినవాడికి పిల్లనెవరిస్తారు? తమ్ముడి మీద పడ్డ ఆ మచ్చ తుడిచే దారి ఒకటే. నిజం చెప్పాలి. చెబితే తన కూలి కూడా పోతుంది, ఇంట్లో పిల్లల కడుపు మాడుతుంది. చెప్పకపోతే తమ్ముడు బతికున్నన్నాళ్ళూ దొంగే. ఆ ఏడాదంతా ఆదెమ్మ ఈ రెండిటి మధ్యే నలిగింది.

మరుసటి ఏడు ఎండలు ముదిరే వేళ, ఓ పట్టపగలు, జిన్నులు జోరుగా తిరుగుతున్నాయి. గొడౌను గుమ్మానికి దగ్గరగా ఉండేది ఆదెమ్మే. పాత గుడ్డ కాలినట్టు వాసన వచ్చింది. మొదట భ్రమ అనుకుంది. మళ్ళీ వచ్చింది. పొద్దున జగన్నాథరావు గారు గొడౌనంతా తిరిగి వెళ్ళిన సంగతి ఆమెకు గుర్తుంది. పత్తికుప్పలో పడ్డ నిప్పు వెంటనే మండదు. లోలోపల రాజుకుంటూ పోతుంది. పొగ పైకొచ్చేసరికి లోపలంతా కుంపటే.

ఆ క్షణంలో తనకేమనిపించిందో ఆదెమ్మ తర్వాత నాతో దాచకుండా చెప్పింది. కాలనీ అనుకుందట. తమరి మిల్లు, తమరి నిప్పు, తమరే ఆర్పుకోండి అనుకుందట. చెయ్యి మాత్రం జిన్నుకి పత్తి అందిస్తూనే ఉందట. సరిగ్గా అప్పుడే జయమణి గొడౌను లోంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. జయమణి పాలెం పిల్లే, కడుపుతో ఉంది. సొలొమోను పోయాక గంపల పని ఆ పిల్లకి పడింది. ఆమెను చూడగానే ఆదెమ్మ చెయ్యి ఆగిందట. నిప్పు బయటపడితే గొడౌను లోంచి ఆఖరున వచ్చింది ఎవరని అడుగుతారు. ఇంకో సొలొమోను తయారవుతున్నాడు తన కళ్ళ ముందే.

ఆదెమ్మ చేతిలో పత్తి కింద పడేసి ఆఫీసు గదికి నడిచింది. జగన్నాథరావు గారు, కృష్ణయ్య ఇద్దరూ ఉన్నారు. “తమరి గొడౌనులో నిప్పుందండి” అంది.

ఇంజను ఆపించారు. మిల్లు ఒక్కసారిగా మూగపోయేసరికి నేను కూడా కొట్టు వదిలి పరిగెత్తాను. గొడౌను తలుపు సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. కృష్ణయ్య నోట మొదటి అరుపు అదే. ఎవరు చేశారు, ఆఖరున లోపలున్నది ఎవరు అని. జయమణి మొహం పాలిపోయింది. ఆదెమ్మ ఆ పిల్లకి అడ్డంగా నిలబడి, “నేనే” అంది.

ఆ మాటతో కూలీలందరూ వెనక్కి జరిగారు. నేను వాళ్ళని తప్పు పట్టను. పోయినసారి నిప్పులో చెయ్యి పెట్టినవాడి గతి ఏమైందో వాళ్ళకి తెలుసు. చేతులు కాలితే నేరం రుజువైనట్టే. కృష్ణయ్య ఇద్దరు ముగ్గుర్ని తరిమి నీళ్ళు పోయించాడు. గింజ తియ్యని పత్తి కుప్ప లోపలిదాకా నీళ్ళు దిగనివ్వదు. బిందెలు బిందెలు పోసినా పైనుంచి జారిపోయాయి. పొగ చిక్కబడింది. కుప్పని చేతులతో విప్పి, లోపలి నిప్పు దొరికేదాకా తోడి బయటికి మొయ్యాలి. విప్పితే గాలి తగిలి భగ్గుమనొచ్చు. పదిమంది ఒక్క మనసుతో చెయ్యాల్సిన పని అది. జీతం చూపించి ఆ గుమ్మంలోకి ఎవర్నీ పంపలేరు.

జగన్నాథరావు గారు పై కండువా తీసి పారేసి తనే లోపలికి వెళ్ళారు. ఆ మనిషి ఊపిరాడక దగ్గడం గోడ ఇవతలికి వినబడింది. కాసేపటికి రెండు చేతుల నిండా నల్లబడ్డ పత్తితో బయటికొచ్చి, దాన్ని మట్టిలో పడేసి, మళ్ళీ వెళ్ళబోతూ ఆగారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎదురుగా అరవైమంది నిలబడి చూస్తున్నారు. ఆయన కృష్ణయ్య వైపు చూడలేదు.

“ఆదెమ్మా, మన కూడు కాలిపోతంది” అన్నారు.

కావాలని అన్నారో, ప్రాణభయంలో నోరు జారిందో నాకు తెలీదు. ఆదెమ్మ మాత్రం ఆ మాటకి తలెత్తింది. కొంగు నడుముకి బిగించి, తడి గోతం ఒకటి భుజాన వేసుకుని, ఆయన్ని దాటుకుని లోపలికి పోయింది. ఆమె వెనక అందరూ పోయారు. జయమణిని మాత్రం బయటే ఆపేశారు. నేనూ ఓ గోతం పట్టుకున్నాను, చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నా. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పత్తి పోవాలో వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. ఎర్రగా నిప్పు కనబడిన చోట తడి గోతం పరిచి, కప్పి, మూటగట్టి బయటికి ఈడ్చారు. రెండుసార్లు మంట పైకి లేచింది. రెండుసార్లూ నా పని అయిపోయిందనుకున్నాను. పొద్దువాలేసరికి నిప్పు చచ్చింది. కుప్పలో సగం పోయింది, మిల్లు నిలిచింది.

అందరూ ఆవరణలో ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. జగన్నాథరావు గారు కూడా వాళ్ళ మధ్యనే నేల మీద కూర్చున్నారు. కృష్ణయ్య కుర్చీ తెప్పించబోతే వద్దన్నారు. కృష్ణయ్య ఊరుకునే రకం కాదుగదా. ఎవరి చేతులు ముందు కాలాయో చూడాలన్నాడు. ఆదెమ్మ తన అరచేతులు చాపి చూపించింది. చేతులు కాలినోళ్ళే దొంగలైతే ఇవాళ అందరూ దొంగలేనని, అయ్యగారితో సహా అని అంది. జగన్నాథరావు గారు తన చేతుల వైపు చూసుకున్నారు. వేళ్ళనిండా బొబ్బలు.

తర్వాత ఆయన మెల్లగా అడిగారు.

“ఎట్టా జరిగిందంటావు ఆదెమ్మా?”

ఆదెమ్మ ఒకసారి చుట్టూ చూసింది. భయపడింది, నేను చూశాను. “తమరి చుట్టండి” అంది. “పోయినేడు కూడా అదేనండి.”

కృష్ణయ్య పైకి లేచాడు. జగన్నాథరావు గారు చెయ్యెత్తి అతన్ని కూర్చోబెట్టారు. ఏడాది నుంచీ తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగారు. గొంతులో కోపం ఉందో లేదో నాకు అంతుపట్టలేదు.

“పోయినేడు తమరు ఎవరు చేశారనే అడిగారండి. ఎట్టా జరిగిందని ఎవర్నీ అడగలా.”

ఇప్పటి శనివారాలు ఆ మాటలోంచే పుట్టాయి. అప్పటికి మాత్రం ఆయన లేచి బండెక్కి వెళ్ళిపోయారు. మర్నాడు మిల్లు తలుపులు తెరవలేదు, ఆ మర్నాడూ తెరవలేదు. ఆదెమ్మ పని ఊడిందని ఊరంతా అనుకుంది. శాంతయ్య ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడట, నిజం చెప్పి పిల్లల నోట్లో మట్టి కొట్టావని. నందిగామ వైపు పోయి పుట్టింటి పాలెంలో తలదాచుకుందామని సామాను కట్టుకున్నారు. ఆదెమ్మ నా కొట్టుకొచ్చి కాలిన చేతులతో సోడా పట్టుకోలేక నా చేత తాగించుకుంది. తప్పు చేశానా అని అడిగింది. చెయ్యలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేనూ కొట్టు నడుపుకోవాలి, ఆ గేటు ఎదురుగానే.

తర్వాత తెలిసింది, జగన్నాథరావు గారు స్వయంగా గరికపాడు వెళ్ళారని. కంకర కుప్ప దగ్గర సొలొమోనుని పట్టుకుని, పనిలోకి రా, పోయిన ఏడాది కూలి కూడా ఇస్తానన్నారట. వాడు సుత్తి దించలేదట. నన్ను గెంటింది గేటు దగ్గర, చెప్పేదేదో ఆ గేటు దగ్గరే చెప్పండి అన్నాడట. అక్క రక్తమే కదా!

సంతరోజున మిల్లు తెరిచారు. కూలీలందరూ గేటు బయట నిలబడ్డారు. సంతకొచ్చిన జనం కూడా ఆగారు. నా కొట్టు ముందు ఇసకేస్తే రాలనంతమంది. సొలొమోను, పెద్దల ముందు కూలివాడు ఉండాల్సినట్టు, తువాలు చంకలో పెట్టుకుని ఒక పక్కగా ఉన్నాడు. ఆదెమ్మ వాడి పక్కన ఉంది. జగన్నాథరావు గారు గేటు తీసుకుని బయటికొచ్చారు.

“పోయినేడు ఒక పొరపాటు జరిగింది” అని మొదలుపెట్టారు. “కుర్రాడి మీద నింద పడింది.”

సొలొమోను కదల్లేదు. పొరపాటు దానంతటది జరగదు, నింద ఆకాశంలోంచి పడదు. అందరూ ఆదెమ్మ మొహంలోకి చూశారు. ఆమె గొంతు పెంచలేదు.

“ఎవరి పొరపాటండి?”

జగన్నాథరావు గారు ఆ జనాన్నంతా ఓసారి చూశారు. షావుకార్లున్నారు, నందిగామ మిల్లుల వాళ్ళున్నారు, ఆయన పొలాలు చేసేవాళ్ళున్నారు. ఇప్పుడు ఈయన వెనక్కి తిరిగి గేటు వేసుకుంటే, అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఈ ఊరికి శాశ్వతంగా దొంగలే.

“మిల్లు నాదనుకోండి, మనదనుకోండి, మీ ఇష్టం” అన్నారాయన. “నిప్పు మాత్రం నాది. రెండుసార్లూ నాదే.”

సొలొమోను చంకలోంచి తువాలు తీశాడు. దాన్ని విదిలించి, ఆయన ఎదురుగానే తలకి చుట్టుకుని, గేటు దాటి లోపలికి నడిచాడు.